ఆండీస్ అంటే ఒక్క గీత కాదు నాయనా!

మా రోజుల్లో ఆండీస్ పర్వతాల గురించి తెలియాలంటే ముందు వాటిని గియ్యాలి. కొట్లో దక్షిణ అమెరికా అవుట్‌లైను పటం కొనుక్కొచ్చి, పడమటి అంచు వెంబడి గోధుమరంగు పెన్సిలు అరిగేదాకా రుద్దాలి. పైన వెనిజులా దగ్గర మొదలుపెడితే కింద టియెర్రా డెల్ ఫ్యూగో దాకా చెయ్యి ఎత్తకూడదు. బొలీవియా దగ్గర పట్టీ వెడల్పు కావాలి, చిలీ దక్షిణాన సన్నబడాలి. వెడల్పు ఎందుకయిందో, సన్నం ఎందుకయిందో నోటితో చెప్పాలి. చెప్పలేనివాడి పటం ఎంత అందంగా ఉన్నా సోషల్ మాస్టారు దానికి సగం మార్కులే వేసేవారు.

ఇప్పుడు? మనవణ్ణి అడిగితే ఫోను తీసి, రెండు వేళ్ళతో తెరను సాగదీసి, "ఇదిగో తాతయ్యా, ఆండీస్" అంటాడు. చూస్తే అక్కడ పేరు ఒక్కటే ఉంటుంది. ఇంకా సాగదీస్తే ఆ పేరూ పోయి ఒక హోటలు కనపడుతుంది, దాని పక్కన చుక్కల రేటింగు. ఆ హోటలు కొండకు ఏ పక్క ఉంది, దాని ముందు పారే వాగు పసిఫిక్‌లో కలుస్తుందా, అట్లాంటిక్‌లో కలుస్తుందా అనడిగితే దిక్కులు చూస్తాడు. సరే, దిక్కులైనా తెలిస్తే బాగుండును!

పోటీ పరీక్షల పిల్లలు ఇంకోరకం. "నేల మీద అతి పొడవైన పర్వతశ్రేణి? ఆండీస్. పొడవు? సుమారు 7,000 కిలోమీటర్లు. ఎత్తయిన శిఖరం? అకొంకాగువా, 6,961 మీటర్లు." బిట్లు గడగడా అప్పజెబుతారు. బాగానే ఉంది. ఆ ఏడు వేల కిలోమీటర్ల మధ్యలో ఏముంది మరి? ఏడు దేశాలు, వాటిలో ఒకదానికొకటి పొంతన లేని పదిరకాల ప్రాంతాలు. ఒకచోట రోజూ పొగమంచు, ఒకచోట ఏళ్ళ తరబడి చినుకు పడదు, ఇంకోచోట హిమానీనదం వచ్చి సముద్రంలో పడుతుంది. వీటన్నిటినీ కలిపి ఒక్క బిట్టు చేసి పారేశారు.

అందుకని నా గొణుగుడు వరసగా వినండి. పై నుంచి కిందికి వస్తాను. ఎందుకంటే ఆండీస్‌ను చదివే పద్ధతి అదే.

ఉత్తరాన కొలంబియాలో ఆండీస్ ఒక శ్రేణి కాదు, మూడు. చేతి మూడు వేళ్ళు విడదీసి పటం మీద పెట్టినట్టు ఉంటాయి: పశ్చిమ, మధ్య, తూర్పు శ్రేణులు. పశ్చిమ, మధ్య శ్రేణుల నడుమ కౌకా నది, మధ్య, తూర్పు శ్రేణుల నడుమ మగ్దలేనా నది. రెండూ ఉత్తరంగా పారి, కౌకా వెళ్ళి మగ్దలేనాలో కలిసి, కరీబియన్ సముద్రం చేరతాయి. కాలీ నగరం కౌకా లోయలో ఉంది, మెదెయిన్ మధ్య శ్రేణిలో ఉంది, రాజధాని బొగోటా తూర్పు శ్రేణి మీద సుమారు 2,600 మీటర్ల ఎత్తున కూచుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ దేశంలో ప్రాంతానికో మాట, ప్రాంతానికో తిండి, ప్రాంతానికో రాజకీయం ఎందుకున్నాయో సగం తెలిసినట్టే. తూర్పు శ్రేణి నుంచే ఒక కొమ్మ వెనిజులాలోకి వెళ్ళి మెరీడా కొండలవుతుంది. దక్షిణాన ఈక్వడార్ సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి శ్రేణులన్నీ పాస్తో దగ్గర ముడిపడతాయి. ఆ ముడి ఎక్కడుందో మేం పటంలో చిన్న సున్నా చుట్టేవాళ్ళం. ఇప్పటి పటంలో సున్నా చుట్టడానికి పెన్సిలే ఉండదు కదా.

పటం చదవడం ఎందుకు తాతయ్యా, దారి చెప్పడానికి ఫోనుందిగా అంటారు. దీనికి నా దగ్గర ఒక్కటే జవాబుంది: ఆర్మెరో. కొలంబియా మధ్య శ్రేణిలో నెవాడో డెల్ రూయిస్ అని మంచు కప్పుకున్న అగ్నిపర్వతం ఉంది. 1985 నవంబరు 13 రాత్రి అది పేలింది. పెద్ద పేలుడేం కాదు. కానీ ఆ వేడికి శిఖరం మీది మంచు కరిగింది. ఆ నీళ్ళు బూడిదనూ రాళ్ళనూ కలుపుకొని బురద ప్రవాహమై లోయల్లోకి దూకాయి. రెండు గంటలు దాటాక, ఎక్కడో దూరాన ఉన్న ఆర్మెరో పట్నం మీద పడ్డాయి. ఆ రాత్రి మొత్తం మీద 23,000 మందికి పైగా చనిపోయారు. నన్ను ఇప్పటికీ కుదిపేసేది ఏమిటంటే, నెల ముందే అక్కడి భూవిజ్ఞానులు ప్రమాద పటం గీసి పెట్టారు. బురద ఏ లోయ వెంబడి వస్తుందో అందులో ఉంది. ఆర్మెరో ప్రమాదంలో ఉందనీ ఉంది. దాన్ని చదివి ఊరిని ఖాళీ చేయించాల్సినవాళ్ళు చేయించలేదు. కొండ ఎక్కడో ఉంది, మనం ఇక్కడున్నాం అనుకునేవాళ్ళకు ఆ కొండ నుంచి తమ ఊరికి లోయ ఉందని చెప్పేది పటం ఒక్కటే. దారి చెప్పే ఫోనుకు అది చెప్పడం రాదు.

ముడి దాటి ఈక్వడార్‌లోకి వస్తే ఆండీస్ రెండు వరసలవుతుంది. నడిమధ్య పొడుగ్గా లోయలు, అటూ ఇటూ అగ్నిపర్వతాలు. రాజధాని కీటో ఆ మధ్య లోయలోనే 2,850 మీటర్ల ఎత్తున ఉంది. మా కాలం క్విజ్ పుస్తకాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది: "ప్రపంచంలో ఎత్తయిన క్రియాశీల అగ్నిపర్వతం ఏది?" జవాబు కోటోపాక్సీ, 5,897 మీటర్లు. ఇప్పటి పుస్తకాల్లో ఆ కుర్చీ చిలీ-అర్జెంటీనా సరిహద్దులోని ఓహోస్ డెల్ సలాడో తీసుకుంది, 6,893 మీటర్లు. కుర్చీలో ఎవరు కూచుంటే నాకేం? కోటోపాక్సీ తల మీద మంచుంది, దాని కింద లోయల్లో ఊళ్ళున్నాయి, అంటే అక్కడా ఆర్మెరో కథ జరగొచ్చు. అది అడగరేం?

పక్కనే చింబరాసో, 6,263 మీటర్లు. పందొమ్మిదో శతాబ్ది మొదటిదాకా యూరపు వాళ్ళు దాన్నే ప్రపంచంలో ఎత్తయిన కొండ అనుకున్నారు. తర్వాత మన హిమాలయాల కొలతలు బయటికొచ్చి దాని గర్వం అణిగింది. అయినా దానికి ఇంకో బిరుదు మిగిలింది. భూమి మధ్యలో ఉబ్బి ఉంటుంది గదా, చింబరాసో సరిగ్గా ఆ ఉబ్బు మీద, భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దిగువన ఉంది. భూమి కేంద్రం నుంచి కొలిస్తే ఎవరెస్టు కంటే దాని కొసే సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరం. ఎత్తు అంటే ఎక్కణ్ణుంచి కొలిచిన ఎత్తు అని ఎదురు ప్రశ్న వెయ్యడం నేర్పడానికి ఇంతకంటే మంచి కొండ లేదు. బిట్ పేపర్లో ఎదురు ప్రశ్నకు చోటుండదు, అదీ బాధ.

1802లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఈ చింబరాసో ఎక్కబోయాడు. శిఖరం అందలేదు. పెదాల్లోంచి, చిగుళ్ళలోంచి నెత్తురు కారుతుండగా వెనక్కి తిరిగాడు. కానీ దిగొచ్చి గీసిన బొమ్మ ఆరోహణ కంటే గొప్పది. కొండను నిలువునా కోసినట్టు చూపించి, ఏ ఎత్తులో ఏ మొక్క పెరుగుతుందో ఆ ఎత్తు దగ్గరే దాని పేరు రాశాడు. 1807లో అచ్చయిన ఆ ఒక్క కాగితం చూస్తే, భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా పోయే ప్రయాణం ఒక్క కొండ ఎక్కితే అయిపోతుందని అర్థమవుతుంది. చేత్తో గీసినవాడికే అలాంటి సంగతి తడుతుంది.

లాటిన్ అమెరికా వాళ్ళు కూడా తమ నేలను ఎత్తును బట్టే విడదీసి చూస్తారు. కింద వేడి నేల, అక్కడ కోకో, అరటి. దాని పైన సమశీతల నేల, అక్కడ కాఫీ. ఆ పైన చల్లని నేల, గోధుమ, బంగాళాదుంప. ఆ పైన గడ్డి, ఆపైన మంచు. పెరూ భూగోళ శాస్త్రవేత్త హావియర్ పుల్గార్ విడాల్ దీంతో ఊరుకోలేదు. కోస్తా, కొండ, అడవి అని మూడు ముక్కలుగా దేశాన్ని విడదీసే పాత పాఠం తప్పని వాదించి, రైతులకు తెలిసిన పేర్లతోనే ఎనిమిది ప్రాంతాలు చెప్పాడు. సముద్రం ఒడ్డున ఉన్నదాని పేరు 'చాలా'. 500 మీటర్లు దాటితే పండ్లతోటల యుంగా. 2,300 దాటితే మొక్కజొన్న పండే కెచువా. 3,500 దాటితే సూని, 4,000 దాటితే లామాలూ అల్పాకాలూ మేసే పూనా. 4,800 పైన రాళ్ళూ మంచూ, అది జాంకా. శిఖరాలు దాటి తూర్పు వాలు దిగితే తడి అడవుల రూపా-రూపా, చివర అమెజాన్ మైదానం ఒమాగువా. పెరూ బడిపిల్లలు ఈ ఎనిమిదీ వరసగా చెబుతారు. మన పిల్లలు చెప్పనక్కర్లేదు. మన ఊరికీ ఇలాంటి విభజన ఏదైనా ఉందేమో ఆలోచిస్తే చాలు. మెట్ట, మాగాణి, లంక, గుట్ట అని మన రైతు విడదీసి చెబితే, సర్వే నంబరు చెప్పమంటున్నాం.

పెరూలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం రెండు శ్రేణుల జంట. తెల్ల శ్రేణి, నల్ల శ్రేణి అని పక్కపక్కనే ఉంటాయి, నడుమ సాంతా నది లోయ. తూర్పున ఉన్నది మంచుతో తెల్లగా, పడమట ఉన్నది మంచు లేక నల్లగా. తెల్ల శ్రేణిలోనే వాస్కరాన్ ఉంది, 6,768 మీటర్లు, ఉష్ణమండలం మొత్తానికీ ఎత్తయిన శిఖరం. 1970 మే 31న పెద్ద భూకంపం వచ్చి, దాని ఉత్తర శిఖరం నుంచి మంచూ రాళ్ళూ విరిగి, యుంగాయ్ పట్నాన్ని నిమిషాల్లో పూడ్చేశాయి. ఎత్తుగా ఉన్న శ్మశానం గుట్ట ఎక్కినవాళ్ళు కొందరు బతికారు. ఆ భూకంపంలో మొత్తం సుమారు 70,000 మంది పోయారు. మా మాస్టార్లు ఆ వార్త పేపర్లో చదివి, మర్నాడు క్లాసులో సాంతా లోయ ఎక్కడుందో గోడ పటం మీద చూపించేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడ భూకంపం వచ్చినా వీడియో వస్తుంది. వీడియోలో ఊగే ఫ్యాను కనపడుతుంది గాని లోయ కనపడదు.

అమెజాన్ నది ఎక్కడ పుడుతుంది? మా కాలంలో మరాన్యోన్ అని రాస్తే ఫుల్ మార్కులు. తర్వాత అపురీమాక్ పైవాగులు అన్నారు, అరెకీపా ప్రాంతంలోని మిస్మీ కొండ పేరు వచ్చింది. 2014లో మంతారో నది పేరు ముందుకొచ్చింది. వాదన ఇంకా నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. మిస్మీ దగ్గర నిలబడితే పసిఫిక్ 200 కిలోమీటర్ల లోపే ఉంటుంది. అయినా ఆ నీళ్ళు అటు పోలేవు, కొండ అడ్డం. ఖండం మొత్తం దాటుకొని అట్లాంటిక్‌లో పడతాయి. దక్షిణ అమెరికా పటంలో పెద్ద నదులన్నీ ఒకే పక్కకు ఎందుకు వాలాయో చెప్పడానికి ఇది చాలదా?

పెరూ దక్షిణం నుంచి బొలీవియా దాకా శ్రేణులు మళ్ళీ రెండుగా విడిపోతాయి. నడుమ 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తున పెద్ద పీఠభూమి, అల్తిప్లానో. మా పటంలో పట్టీ వెడల్పు కావాల్సిన చోటు ఇదే. అక్కడ దాదాపు 700 కిలోమీటర్లుంటుంది. అందులో పడిన వాన సముద్రం చేరదు. తితికాకా సరస్సు నిండితే దెసగ్వాదెరో నది గుండా దక్షిణాన పూపో సరస్సుకు పోతుంది. అక్కణ్ణుంచి ఆవిరైపోవడమే దారి. దానికి పక్కన ఎండిన ఉప్పు మైదానాలు. వాటిలో పెద్దది ఉయూనీ, 10,000 చదరపు కిలోమీటర్లు పైనే.

లా పాస్ ప్రపంచంలో ఎత్తయిన రాజధాని అని బిట్లలో ఉంటుంది. రాజ్యాంగం ప్రకారం బొలీవియా రాజధాని సుక్రే, ప్రభుత్వం నడిచేది లా పాస్‌లో. ఎత్తు అంటే ఏమిటో చెప్పమంటే ఈ తరానికి అర్థమయ్యే భాషలో చెబుతాను. 2009 ఏప్రిల్ 1న లా పాస్‌లో బొలీవియా మీద అర్జెంటీనా ఆడింది. మెస్సీ ఆడాడు, మరడోనా కోచ్. బొలీవియా ఆరు, అర్జెంటీనా ఒకటి. 3,600 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఎత్తు మైదానాల్లో అంతర్జాతీయ మ్యాచ్‌లు వద్దని ఫిఫా 2007లో నిషేధం పెట్టి, గోల తట్టుకోలేక మరుసటి నెలలో సడలించి, మరుసటి ఏడాది ఆపేసింది. మనవడికి మెస్సీ గోల్స్ అన్నీ తెలుసు, ఈ ఓటమి సంగతి తెలియదట. తెలిసి ఉంటే అల్తిప్లానో తానుగా వెతుక్కొని ఉండేవాడు.

ఇక నా అసలు ప్రశ్న. ఇది రాసినవాడికే నా క్లాసులో మొదటి వరస. ఆండీస్ మధ్య భాగంలో ఎడారి పడమటి పక్క ఉంది. అటకామా అక్కడే. దక్షిణాన ఎడారి తూర్పు పక్కకు మారిపోయింది. పటగోనియా అక్కడ. ఒకే కొండ, ఎడారి ఎందుకు పక్క మార్చింది?

జవాబు గాలిలో ఉంది. మధ్య భాగంలో తూర్పు నుంచి వచ్చే వ్యాపార పవనాలు వాననంతా అమెజాన్ వైపు వాలు మీద దించేసుకొని, అవతలికి వట్టి చేతుల్తో దిగుతాయి. పడమటి తీరంలో పెరూ శీతల ప్రవాహం నీటిని చల్లగా ఉంచడంతో గాలి పైకి లేవదు, మబ్బు పడుతుంది గాని వాన పడదు. చిలీ ఉత్తర కొసన అరికాలో ఏడాది సగటు వాన ఒక మిల్లీమీటరు కూడా లేదు. దక్షిణాన, చిలీ కింది సగంలో పశ్చిమ పవనాలది రాజ్యం. అవి పసిఫిక్ నుంచి వచ్చి చిలీ వైపు వాలును తడిపేస్తాయి, కొన్నిచోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటి. తూర్పు దిగేసరికి తడి ఉండదు, అదే అర్జెంటీనా పటగోనియా. పడమటి కనుమలకు ఈవల ఉన్న అనంతపురం జిల్లా పిల్లాడికి ఈ పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు, వర్షచ్ఛాయలోనే పుట్టాడు. వాడి ఊరి కరువుకూ పటగోనియా గడ్డికీ కారణం ఒకే జాతిది అని చెప్పే మాస్టారు కావాలంతే.

దీంతోపాటు మంచు రేఖ. భూమధ్యరేఖ దగ్గర వేడి ఎక్కువ, కాబట్టి శాశ్వతంగా మంచు నిలవాలంటే అన్నిచోట్ల కంటే ఎక్కువ ఎత్తు కావాలి, అవునా? కాదు. ఈక్వడార్‌లో సుమారు 5,000 మీటర్ల దగ్గరే మంచు నిలుస్తుంది. అటకామా పక్కన 6,739 మీటర్ల యుయాయాకో మీద హిమానీనదమే లేదు, మంచు కురవడానికి తేమ లేదక్కడ. ఆ శిఖరం మీదే ఇంకాలు బలిచ్చిన ముగ్గురు పిల్లల దేహాలు చెక్కు చెదరకుండా 1999లో దొరికాయి. ఆ చలీ ఆ పొడీ కలిసి వాళ్ళను అలా ఉంచాయి. దక్షిణాన పటగోనియాలో, 46 డిగ్రీలు దాటాక, సాన్ రఫయెల్ హిమానీనదం ఏకంగా సముద్రపు నీళ్ళలోకే దిగుతుంది. చలి ఒక్కటే ఉంటే మంచు రాదు, తేమ కూడా కావాలి. ఈ ఒక్క వాక్యం కోసం మేం మూడు పటాలు పక్కపక్కన పెట్టుకునేవాళ్ళం.

అకొంకాగువా అర్జెంటీనా నేల మీద ఉంది, చిలీకి చేరువలో. దాని దక్షిణం పక్క కనుమ గుండానే మెందోసా నుంచి చిలీకి పాత దారి. 1910లో అక్కడ రైలు వేశారు, కొండ కింద సొరంగం తవ్వారు. 1980ల్లో అదీ మూతపడింది, ఇప్పుడు లారీలు పోతున్నాయి. రైళ్ళ మాటొస్తే మాకింకో బిట్టుండేది: ప్రపంచంలో ఎత్తయిన రైలు మార్గం పెరూలో, లీమా నుంచి కొండల మీదికి, గలేరా సొరంగం దగ్గర 4,780 మీటర్ల ఎత్తున. 2006లో టిబెట్ రైలు ఆ పేరు లాక్కుంది. పోనివ్వండి. 1870లో మొదలుపెట్టి, సుత్తులతో, మందుగుండుతో అంత ఎత్తుకు పట్టాలు ఎక్కించినవాళ్ళ గొప్ప ఎవరు లాక్కోగలరు?

దక్షిణాన కొండ తన పద్ధతి మార్చేసినందుకు రెండు దేశాలు యుద్ధం దాకా వెళ్ళాయి. చిలీ, అర్జెంటీనా 1881లో ఒప్పందం రాసుకున్నాయి: నీటిని విడదీసే ఎత్తయిన శిఖరాల వెంబడి సరిహద్దు. ఉత్తరాన ఇబ్బంది లేదు. పటగోనియాలో ఎత్తయిన శిఖరాలు ఒకచోట, నీళ్ళు విడిపోయే గట్టు ఇంకోచోట! శిఖరాలు చూడమని ఒకరు, నీళ్ళు చూడమని ఇంకొకరు. చివరికి బ్రిటిష్ రాజు తీర్పు చెప్పాలన్నారు. క్షేత్రానికి వెళ్ళి కొలిచి సలహా ఇచ్చినవాడు థామస్ హోల్డిచ్, అంతకుముందు ఏళ్ళ తరబడి మన దేశపు వాయవ్య సరిహద్దుల్లో సర్వే చేసినవాడు. 1902లో తీర్పు వచ్చింది, యుద్ధం తప్పింది. పటం గీసే ముందు కొండను చూడాలని అప్పటివాళ్ళకు తెలుసు.

కొండ పుట్టుక గురించి మా పుస్తకాల్లో భూఅభినతులు, ముడుతలు అని ఉండేది. తర్వాత పలకల సిద్ధాంతం వచ్చింది: పసిఫిక్ అడుగున ఉన్న నాజ్కా పలక ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఖండం కిందికి దూరుతోంది, ఆ ఒత్తిడికి ఆండీస్ లేస్తోంది. 1960 మే 22న చిలీలో వచ్చిన 9.5 తీవ్రత భూకంపం, మనిషి కొలిచిన వాటిలో పెద్దది, ఆ దూరుడు ఫలితమే. దాని సునామీ హవాయినీ జపాన్‌నీ కొట్టింది. ఇక్కడో చమత్కారం ఉంది. నాజ్కా పలక అన్నిచోట్లా ఒకే వాలులో దిగడం లేదు. పెరూ ఉత్తర, మధ్య భాగాల కిందా, అకొంకాగువా ప్రాంతం కిందా అది దాదాపు అడ్డంగా జారుతుంది. అందుకే అక్కడ క్రియాశీల అగ్నిపర్వతాలు లేవు. ఈక్వడార్‌లో ఉన్నాయి, బొలీవియా పడమట ఉన్నాయి, మధ్యలో ఖాళీ! ప్రాంతాలను విడదీసి చూసినవాడికే ఆ ఖాళీ కనపడుతుంది. బిట్లు చదివినవాడికి ఆండీస్ అంతా నిప్పు కొండలే.

మనకెందుకు ఆ కొండలు అనేవాళ్ళుంటారు. వంటింట్లోకి రండి. బంగాళాదుంప తితికాకా చుట్టుపక్కల వేల ఏళ్ళ కింద మనిషి మచ్చిక చేసుకున్నది. అక్కడ ఇప్పటికీ వేల రకాలున్నాయి. రాత్రి గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్ళతో తొక్కి ఏళ్ళ తరబడి నిలవ చేసుకునే చూన్యో వాళ్ళ పెద్దల తెలివి. టమాటాకు అడవి చుట్టాలు ఆండీస్ పడమటి వాలుల్లోనే ఉన్నాయి. ఇక మన వేరుశనగ పుట్టిల్లు బొలీవియా దక్షిణం, అర్జెంటీనా వాయవ్యం, ఆండీస్ తూర్పు పాదాలు. రాయలసీమ మెట్ట బతుకును మోసిన పంట అక్కణ్ణుంచి బయల్దేరిందని సీమ బడిపిల్లల్లో ఎందరికి తెలుసు? ఇప్పుడు డైటింగు అని చెప్పి కిలో వందలు పెట్టి క్వినోవా కొంటున్నారు. అది అల్తిప్లానో రైతు గంజి. కొర్రలూ సామలూ అటకెక్కించి, ఇంకో ఖండపు కొర్రలు కొనడం మన తెలివి.

రుతుపవనాల మాట కూడా అక్కడిదే. పెరూ తీరంలో సముద్రం వేడెక్కితే ఎల్‌నినో. 1972లో అది వచ్చింది, అక్కడ ఆంకోవీ చేపల పరిశ్రమ కుప్పకూలింది, ఇక్కడ వానలు ఎగ్గొట్టాయి. 2002లో, 2009లో మళ్ళీ చూశాం. అలాగని ఎల్‌నినో అన్నప్పుడల్లా కరువే అనుకోవద్దు. 1997లో శతాబ్దపు పెద్ద ఎల్‌నినో వచ్చినా మన రుతుపవనాలు మామూలుగానే కురిశాయి. టీవీలో మాత్రం ఎల్‌నినో అనే మాట వినపడగానే ఎర్ర అక్షరాలు పరిగెడతాయి.

ఇంతసేపూ పిల్లల మీద గొణిగాను. పెద్దలమీదా ఓ మాట ఉంది. మేం పటంలో నీలంరంగు వేసిన పూపో సరస్సు 2015 చివరికి ఎండిపోయింది. కరువు, ఎండ, గనులూ పొలాలూ పైన లాక్కున్న నీళ్ళు అన్నీ కలిసి. లా పాస్ పక్కన చకల్తాయా హిమానీనదం మీద ఒకప్పుడు ప్రపంచంలోనే ఎత్తయిన మంచు జారుడు మైదానం ఉండేది, ఆ హిమానీనదం 2009కి లేకుండా పోయింది. వెనిజులాలో మిగిలిన చివరి హిమానీనదం హంబోల్ట్, 2024లో శాస్త్రవేత్తలు దాన్ని హిమానీనదం అనడం మానేశారు, అంత కుంచించుకుపోయింది. కొండలు మారవు, పాఠం ఒకసారి నేర్చుకుంటే చాలు అన్న భరోసా మాకుండేది. మీ తరానికి అదీ లేదు. అందుకే మీరు మాకంటే ఎక్కువ నేర్చుకోవాలి, తక్కువ కాదు.

ఇప్పుడు అందరి చూపూ ఉప్పు మైదానాల మీద పడింది, లిథియం కోసం. ఉయూనీ, చిలీ అటకామా, అర్జెంటీనా ఉత్తరపు ఉప్పు మైదానాలు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబిల్ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కతమార్కాలో ఐదు బ్లాకుల్లో లిథియం వెతికే ఒప్పందం చేసుకుంది. మా కాలంలో చిలీ అంటే నైట్రేటు, రాగి. బొలీవియా అంటే తగరం. ఆ నైట్రేటు కోసమే 1879లో యుద్ధం జరిగి బొలీవియా సముద్ర తీరం పోగొట్టుకుంది. తీరం పోయినా నౌకాదళం మాత్రం ఇప్పటికీ ఉంచుకుంది, తితికాకా మీద. ఖనిజం మారింది, నీళ్ళు లేని ఆ పీఠభూమి మారలేదు. ఉప్పునీటిని తోడి ఎండబెడితే లిథియం వస్తుంది, పక్క ఊళ్ళ మంచినీళ్ళు ఏమవుతాయని అక్కడివాళ్ళు అడుగుతున్నారు. కంపెనీల వాళ్ళు బిట్టుగా జవాబు చెబుతారు. అక్కడ నీళ్ళు ఎటు పారతాయో, ఎక్కడ ఆగుతాయో తెలిసినవాడే దానికి ఎదురు ప్రశ్న వెయ్యగలడు.

కాబట్టి నాకు అధికారమిస్తే ఒకే పరీక్ష పెడతాను. ఖాళీ పటం, ఒక గోధుమరంగు పెన్సిలు, ఒక నీలం పెన్సిలు. కొలంబియా మూడు శ్రేణులూ గియ్యాలి, వాటి నడుమ నదులు పారించాలి. ఎడారి ఎక్కడ పక్క మారిందో గీత గీసి కారణం రాయాలి. అగ్నిపర్వతాలు లేని ఖాళీలు చూపించాలి. పూపో సరస్సుకు ఏ రంగు వేస్తారో మీ ఇష్టం, ఎందుకు వేశారో మాత్రం రాయాలి. ఫోను బయట బల్ల మీద పెట్టి రావాలి. దాని బ్యాటరీలో ఉన్న లిథియం ఏ ఉప్పు మైదానం నుంచి రాగలదో, అక్కడ చినుకు ఎందుకు పడదో ఆఖరి ప్రశ్న, పది మార్కులు. ఛాయిస్ లేదు.